లస్కరు వీరాస్వామి పగలగొట్టిన పడవ

గోదావరి అంటే ఒక్క ఏరే అనుకునేవాళ్ళను చూస్తే వీరాస్వామికి ఒళ్ళు మండేది. వయసులో ఉండగా కూనవరం నుంచి రాజమండ్రికి వెదురు తెప్పలు నడిపిన మనిషి అతను. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, దాని దిగువన ఇంద్రావతి, కూనవరంలో శబరి వచ్చి కలిస్తేనే మనం చూసే గోదావరి అని వాదించేవాడు. శబరి నీరు ముందొస్తుందనీ, పైనదులవి రెండు మూడు రోజులు వెనకొస్తాయనీ తెప్ప మీద నిలబడి నేర్చుకున్నాడు.

తర్వాత వశిష్ఠ పాయ గట్టు మీద లస్కరు ఉద్యోగం వచ్చింది. రోజూ నీటిమట్టం చూసి, అడుగులెన్నో కాగితం మీద రాయాలి. ఇరవై ఏళ్ళు రాశాడు. ఆ నీరు ఎక్కడిదయ్యా అని ఒక్క ఆఫీసరూ అడిగిన పాపాన పోలేదు.

ఎనభై ఆరు ఆగస్టులో వరదొచ్చింది. ఎదురుగా ఏటి మధ్యనున్న లంక జనాన్నంతా పడవలో గట్టు మీది బడికి చేర్చారు. పశువులు లంకలోనే ఉండిపోయాయి. రెండో రోజు నీరు అడుగున్నర తీసింది. జీపులో వచ్చిన ఆఫీసరు అందరినీ ఇళ్ళకు పొమ్మన్నాడు.

"అయ్యగారండీ, ఈ తగ్గుడు నమ్మకండి. ఇదంతా శబరి నీరేనండి. శబరి మన్నెం అడ్డాకులే కొట్టుకొస్తన్నాయి గానీ పైనదుల అడవుల టేకాకు ఒక్కటీ రాలేదండి. ఇంద్రావతి, ప్రాణహిత ఇంకా వెనకున్నాయండి," అన్నాడు వీరాస్వామి.

"ఆకులు చూసి వరద చెప్తావా? నీ పని అడుగులు రాయడం. అది చూసుకో," అన్నాడు ఆఫీసరు. పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

లంక జనానికీ అతని మాట చెవికెక్కలేదు. బడిలో తిండి చాలదు, అక్కడ పశువులు కట్టుతాళ్ళతో అరుస్తున్నాయి. మూటలు నెత్తిన పెట్టుకుని రేవుకు బయల్దేరారు. రేవుకున్నది ఒక్కటే పడవ. వీరాస్వామి వాళ్ళకంటే ముందే పరుగెత్తి, గునపంతో పడవ అడుగు చెక్కలు పగలగొట్టాడు. పిల్లాపాపలతో ఎక్కాల్సిన పడవ కళ్ళముందే మునిగిపోయింది.

లంక పెద్ద సత్తిరాజు అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆడవాళ్ళు దుమ్మెత్తి పోశారు. "తిట్టండి, కొట్టండి. ఈ పూట మాత్రం మిమ్మల్ని ఏరు దాటనివ్వను," అని అరిచాడు వీరాస్వామి. మర్నాడు వేరే పడవ తెప్పిస్తామని చెప్పి ఆఫీసరు జీపెక్కాడు.

మర్నాడు తెల్లారేసరికి లంక లేదు. కొబ్బరిచెట్ల మొవ్వులు మాత్రం కనిపించాయి.

రెండు నెలలకు ఆ జీపు ఆఫీసరే విచారణ పెట్టాడు. వరద గురించి కాదు, పడవ గురించి. సర్కారు సొత్తు ధ్వంసం చేసినందుకట! సాక్షి సత్తిరాజు.

"వీరాస్వామే పగలగొట్టాడండి. పడవుంటే గేదెలన్నా విప్పుకునేవాణ్ణి. నాలుగూ పోయాయండి," అన్నాడు సత్తిరాజు, అతని మొహం చూడకుండా.

వీరాస్వామికి కోపం తారస్థాయికి చేరింది. బల్ల మీద గుద్దాడు. "పగలగొట్టానండి! బాగా రాసుకోండి. ఆ రోజు పడవే ఉంటే ఈయన పేరు సాక్షుల్లో కాదండి, చచ్చినోళ్ళ లిస్టులో రాసుకునేవోరు. ఇదీ రాయండి!"

గుమాస్తా కలం ఆపి ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "నేరం ఒప్పుకున్నాడు" అని రాసి, వేలిముద్రకు కాగితం ముందుకు జరిపారు, ఇరవై ఏళ్ళుగా రోజూ చేత్తో రాసి పంపిన మనిషి ముందుకు.