మేకులు లేని ఇల్లు

ఊళ్లో ఆయన్ని అందరూ కూల్చుడు మేస్త్రి అనేవారు. పాత ఇళ్లు పడగొట్టి, కలపా ఇటుకలూ అమ్ముకోవడమే ఆయన బతుకుతెరువు. ఆయన ఏ వీధిలోకి అడుగుపెట్టినా "ఇవాళ ఎవరింటికి మూడిందో" అని జనం నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు. చేతులారా ఒక్క గోడైనా కట్టలేదన్న సంగతి మాత్రం భార్య అప్పుడప్పుడూ దెప్పుతుండేది.

ఒకసారి ఒక టీచరమ్మ కబురు పెట్టింది. ఆమె తాత నూరేళ్ల కిందట కట్టించిన పెంకుటిల్లు. మూరెడు మందం మట్టిగోడలు, నడిమధ్య ఆకాశం కనబడే వాకిలి, దాని చుట్టూ కర్ర స్తంభాల మీద వాలిన కప్పు. దాన్ని తీసేసి ఆమె మేడ కట్టించుకోవాలనుకుంది.

పెంకులు దింపించాక మేస్త్రి మేకులు పీకడానికి గునపంతో పైకెక్కాడు. ఎంత వెతికినా ఒక్క మేకూ లేదు. దూలం చివరను నాలుకలా చెక్కి స్తంభం తలలోకి దూర్చారు. అడ్డంగా ఒక చెక్క సీల కొట్టారు. అంతే. సుత్తితో తడితే సీల ఊడి చేతికొచ్చింది, దూలం మూతలా పైకి లేచింది. ఎప్పుడూ రంపంతో కోసి పడేయడమే తప్ప ఇంత దగ్గరగా ఆయన చూసింది లేదు. అక్కడే చతికిలబడ్డాడు.

"అమ్మా, దీన్ని కూల్చొద్దు," అన్నాడు దిగొచ్చి.

"మరి నా మేడో?"

"మీ మేడ మీరు కట్టుకోండి. దీన్ని విప్పి నేను పట్టుకెళ్తా. మళ్లీ నిలబెడతా."

"చొక్కా విప్పినట్టు ఇల్లు విప్పుతారా!" టీచరమ్మ పకపకా నవ్వింది. కానీ సరేనంది.

ఊరి చివర, వాళ్లుండే రేకుల షెడ్డు పక్కకి కర్రలన్నీ చేరాయి. ఏది ఎక్కడిదో తెలియాలని ప్రతిదాని మీదా సుద్దతో గుర్తులు పెట్టాడు. ఆ వారమే వాన దంచికొట్టింది. ఒక్క గుర్తూ మిగల్లేదు.

మేస్త్రి తల పట్టుకున్నాడు. భార్య మాత్రం పాత గుడ్డ తీసుకుని దూలాలను ఒక్కొక్కటే తుడవసాగింది. కాసేపటికి కేకేసింది.

"ఏమయ్యా, ఇలా రా. ఇక్కడేవో గాట్లున్నాయి."

దూలం నాలుక మీద ఉలితో గీసిన మూడు గీతలు. ఆమె స్తంభాలన్నీ తడిమింది. ఒకదాని తలలో, లోపలివైపు, అవే మూడు గీతలు. ఆనాటి వడ్రంగులు కిందే జతలు కుదుర్చుకుని, ఆ గుర్తులతో పైన బిగించారన్నమాట.

"కట్టినవాళ్లు నీకంటే తెలివైనవాళ్లు," అంది.

"నేనూ అదేగా అంటున్నా!" అన్నాడు మేస్త్రి, పట్టరాని సంతోషంతో.

పాత గోడల మట్టినే తోలించుకుని, తడిపి, తొక్కి, మళ్లీ గోడలు పెట్టారు. వంటింటి తలుపు తిరగేసి బిగించి ఆయన భార్య చేత నానా మాటలూ పడ్డాడు. ఎండలు ముదిరేసరికి ఇల్లు లేచింది. ఇన్నేళ్లూ రేకుల కింద ఉడికిపోయిన ఆమెకు మొదటిసారి మధ్యాహ్నం కంటినిండా నిద్ర పట్టింది. వేడంతా వాకిలి మీదుగా పైకి పోతుంటే, కిటికీల్లోంచి చల్లగాలి లోపలికి వస్తోంది.

టీచరమ్మ చూడ్డానికొచ్చింది. ఒక స్తంభానికి ఆనుకుని, వాకిలి మీది ఆకాశంలోకి తలెత్తి చూసింది. ఆమె మేడ ఇంకా పునాదుల్లోనే ఉంది.

"నా ఇంటికీ నడుమ ఇలాంటి వాకిలి పెట్టించనా మేస్త్రీ?"

ఆయన నోరు విప్పేలోపే భార్య అందుకుంది. "తప్పకుండా పెట్టించండమ్మా. ప్లాను గీసేవాళ్లని ఒకసారి తీసుకురండి, నేను చూపిస్తా."

తర్వాత ఇంకో పాత ఇంటి నుంచి పిలుపు వచ్చినప్పుడు మేస్త్రి ఒంటరిగా వెళ్లలేదు. స్కూటరు వెనక ఆమె కూడా ఎక్కింది.