ఒకే సూదితో మూడు పచ్చబొట్లు

కిందటి నెల మా మనవరాలు నోయిడాలో పచ్చబొట్టు పొడిపించుకుంటానని, తోడు రమ్మని నన్ను పట్టుకుపోయింది. వాళ్ళమ్మ వద్దంటుందనే నన్ను వెంటేసుకుందని తెలుసు గానీ, ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, కాదనడానికి నేనెవరినని మెట్రో ఎక్కాను. పచ్చబొట్టు దుకాణమంటే నా మనసులో ఉన్న బొమ్మ, తలుపు తీయగానే చెదిరిపోయింది. పళ్ళ డాక్టరు గదిలా ఉందది. అక్కడి అమ్మాయి ముందు ఆధార్ కార్డులో వయసు చూసింది, కామెర్లు ఎప్పుడైనా వచ్చాయా అని అడిగింది, చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది, ఆ తర్వాత మా ఎదురుగానే ఒక పొట్లం చింపి కొత్త సూది బయటికి తీసింది. రంగు కూడా మా పిల్లకి సరిపడా చిన్న గిన్నెలో పోసుకుని, "మిగిలింది పారేస్తాను ఆంటీ, ఇంకొకరికి వాడను" అంది హిందీలో. నేను మొహం తిప్పుకుని పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. నాకు రక్తమంటే భయమనుకుంది మనవరాలు.

మేము దేశ రాజధానికి వచ్చి మునిర్కాలో కాపురం పెట్టిన కొత్తల్లో, మా తమ్ముడు సివిల్స్ చదవడానికి వచ్చి దగ్గర్లోనే బేర్ సరాయ్‌లో గది తీసుకున్నాడు. మంచాలు మూడు వేస్తే నిలబడటానికి చోటుండని ఆ గదిలో వాడితోపాటు ఒక వరంగల్ అబ్బాయి, ఒక అనంతపురం అబ్బాయి ఉండేవారు. మెస్సు పప్పుతో మొహం మొత్తి ఆదివారాలు ముగ్గురూ మా ఇంటికొచ్చేవారు. ఊరినుంచి ఎవరైనా తెచ్చిపెట్టిన గోంగూర పచ్చడి ఉంటే ఇక వాళ్ళను ఆపేవాళ్ళు లేరు. ప్రిలిమ్స్ ముగ్గురూ గట్టెక్కిన సంతోషంలో ఒకనాడు తిరునాళ్ళలాంటి మేళా ఒకదానికి వెళ్ళి, రోడ్డు పక్కన బ్యాటరీ మిషను పెట్టుక్కూర్చున్న ఒకతని ముందు వరసగా చేతులు చాపారు. ముందు వరంగల్ అబ్బాయి, తర్వాత మావాడు, ఆఖర్న అనంతపురం అబ్బాయి. ముగ్గురికీ అదే సూది, అదే సిరా, నెత్తురు తుడవడానికి అదే గుడ్డముక్క. మావాడు "అమ్మ" అని కాగితంమీద రాసిస్తే, తెలుగు రాని ఆ మనిషి ఒత్తు మరిచి "అమ" అని పొడిచాడు. అది చూసి మేమంతా ఎంత నవ్వామో.

మెయిన్స్ ఇంకో వారం ఉందనగా మా తమ్ముడి కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి, గ్లాసు ఎత్తడానికి ఓపిక లేదు. బయటి నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లనుకుని ఆసుపత్రికి తీసుకెళితే, రక్తపరీక్ష చూసిన డాక్టరు ఇవి నీళ్ళవల్ల వచ్చినవి కావు, రక్తం ద్వారా అంటుకునే హెపటైటిస్-బి అన్నాడు. వాడి చెయ్యి తిప్పి పచ్చబొట్టు చూసి, అదే సూదితో ఇంకా ఎవరెవరు పొడిపించుకున్నారని అడిగాడు. నేనూ మావారూ ఆ ఇద్దరి పేర్లూ చెప్పాం. మిగతా ఇద్దరికీ పరీక్షలు చేయించాం. అనంతపురం అబ్బాయికి ఏమీ లేదు. ఏనాడూ జ్వరమన్నది ఎరగని వరంగల్ అబ్బాయి రక్తంలో మాత్రం ఆ రోగం ఉంది. పుట్టుకతోనే వచ్చి ఉండవచ్చు, ఇన్నాళ్ళూ అతనికీ తెలిసి ఉండదు అన్నాడు డాక్టరు. నిక్షేపంలాంటి కుర్రాడు. ఆ మాట నా చెవులతో విని కూడా నమ్మలేకపోయాను.

ఆ అబ్బాయి మా ఇంటికి రావడం మానేశాడు. సంగతి ఎలా పొక్కిందో, మెస్సులో అతని కంచం వేరుగా పెట్టారని తెలిసింది. మా తమ్ముడు నాలుగడుగులు వేయగలిగిన రోజున, నా భుజం పట్టుకుని ఆటో ఎక్కి ఆ మెస్సుకే వెళ్ళాడు. మూలబల్ల దగ్గర ఒంటరిగా తింటున్న అతని ఎదుట కూర్చుని, ఆ కంచం ముందుకు లాక్కుని ఒక ముద్ద తిన్నాడు.

"అన్నంతో అంటుకోదని డాక్టరు చెప్పలేదట్రా నీకు?"

"నా వల్లనే కదరా నీ పరీక్ష పోయింది" అన్నాడతను, తల ఎత్తకుండా.

"నీ వల్ల కాదు. ఆ సూది వల్ల. తిను."

గరిటె పట్టుకున్న మెస్సు యజమాని అదంతా చూశాడు. మర్నాటి నుంచి కంచాలన్నీ కలిసే ఉన్నాయి.

మా తమ్ముడికి పూర్తిగా నయమైంది. సివిల్స్ రాలేదు గానీ బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాడు. వరంగల్ అబ్బాయి లెక్చరరయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు. నలభై నిండకుండానే కాలేయం పాడై చనిపోయాడు. ఆ కబురు మా తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు.

నోయిడా దుకాణంలోంచి బయటికొస్తూ, గోడకున్న లైసెన్సు చూపించి, సూదులవీ తనిఖీ చేయడానికి ఎవరైనా వస్తుంటారా అని ఆ అమ్మాయిని అడిగాను.

"నహీ ఆంటీ. అది దుకాణానికిచ్చిన లైసెన్సు. సూదులు చూడటానికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. నాకు నేర్పినవాళ్ళు ఇలా చేయమన్నారు, చేస్తున్నాను."

పొట్లం చింపినప్పటికన్నా ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. మా కాలంలో పచ్చబొట్టు పొడిచే మనిషి ముందు చెయ్యి చాపినప్పుడు, సూది కొత్తదేనా అని అడగాలనే మాకు తెలియదు. ఇప్పటి పిల్లలకు ప్రశ్నలన్నీ తెలుసు. జవాబు మాత్రం ఇంకా ఎదుటి మనిషి మంచితనం మీదే ఆధారపడి ఉందంటే, నడుమ ఇన్నేళ్ళు గడిచాయని ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు.