ఒట్టి చేతులతో వచ్చిన అతిథి

కృపావతి టీచరు ఆ గూడెంలోనే పుట్టి, పదకొండేళ్ళుగా అక్కడి బడిలోనే పాఠాలు చెబుతోంది. పైనుంచి వచ్చిన 'గిరిజన మహిళా నాయకులు' చార్టు చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. అందులో ఈ కొండల మనిషి ఒక్కతీ లేదు. పోనీ అని, "మన ఊరి నాయకురాలు ఎవర్రా?" అని మూడో తరగతిని అడిగింది.

"సర్పంచి ఫల్గుణ మామ!" అన్నారు అందరూ.

సర్పంచి ఫల్గుణ కాదు, అతని భార్య రాజకుమారి. ఆ సంగతి చూపించాలనే ఆమెను బడికి పిలిచింది. పిల్లలు ముంగిట పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి ఎదురుచూశారు. తీరా బండి దిగింది ఫల్గుణ ఒక్కడే.

"అది కాఫీ పళ్ళు కొయ్యడానికెళ్ళింది టీచరమ్మా. నానొచ్చినాను కదా, ఏటి సెప్పాలో సెప్పు" అంటూ రాజకుమారి కోసం వేసిన కుర్చీలో కూలబడ్డాడు.

మూడేళ్ళుగా ఇదే వరస. సమావేశానికీ అతనే, సంతకానికీ అతనే, ఇప్పుడు పాఠానికీ అతనే. కృపావతి పళ్ళు కొరికింది.

ఇంతలో సుభద్ర అనే గుంట లేచి నిలబడింది. "మామా, ఒట్టి సేతుల్తో వచ్చేసినావేటి? అత్తేదీ?"

పిల్లలంతా గొల్లుమన్నారు. చైత్రంలో జరిగే ఇటుకల పండగకు వేటకెళ్ళి, ఏమీ తేకుండా తిరిగొచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించడం అక్కడి ఆనవాయితీ. సుభద్ర చూపు అరుగు మీద మిగిలిన పేడనీళ్ళ బకెట్ వైపు పోయింది. ఫల్గుణ చూపూ అటే పోయింది.

"కూర్చో సుభద్రా" అంది కృపావతి.

బకెట్ తీసెయ్యమని మాత్రం అనలేదు.