కాశీబాయి చేతులు

నాందేడ్ కోర్టు గోడవారన రేకుల కింద కాశీబాయి ఇరవై రెండేళ్లు టైపు మిషను కొట్టింది. మరాఠీలో అర్జీలు, అఫిడవిట్లు. చూపంతా ఎడమపక్క పెట్టుకున్న చేతిరాత కాగితం మీదే. మీటల వంక చూసి కొట్టడమంటే ఆమెకు నామోషీ. తర్వాత వకీళ్లందరూ కంప్యూటరు కాగితమే అడగసాగారు. కరెంటు చూస్తే పూటపూటకీ కోత. అందుకని 2006లో బ్యాటరీతో నడిచే పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది.

తిప్పలు అక్కడే మొదలయ్యాయి. కొడుతున్న వాక్యంలో సగం ఎగిరి పై పేరాలో పడేది. "మిషన్ల ఏమో ఉన్నది వకీల్ సాబ్" అంటే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెప్పకు కాశీబాయీ" అని నవ్వాడు వెంకట్రావ్ వకీలు. ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇక మిషనును అనడం మానేసి తన చేతుల్ని అనుమానించడం మొదలుపెట్టింది. ఆమె తల్లికి యాభై దాటగానే చేతులు వణికి, జొన్నరొట్టె తట్టడం కూడా చేతగాకుండా పోయింది. కాశీబాయికి నలభై ఎనిమిది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఎవరూ చూడనప్పుడు వేళ్లు చాచి వణుకు కోసం వెతుక్కునేది. మొగుడికి కూడా చెప్పలేదు. పాపం, ఆ చేతులే ఆమె బతుకు, ఆమె గర్వం.

ఒకరోజు యమునాబాయి అనే ముసలామె, అంతకుముందు కొట్టించుకున్న వారసత్వం కాగితం పట్టుకుని తిరిగొచ్చింది. చనిపోయిన భర్త పేరు పక్కన ఉండాల్సిన 'మయత్', అంటే చనిపోయారన్న మాట, ఆమె పేరు పక్కన పడిందట. కోర్టు లోపల గుమాస్తా చదివి తిప్పి పంపాడు.

"నన్నే సంపినవా బిడ్డా?" అని ముసలామె పకపకా నవ్వింది. బిలోలి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి.

కాశీబాయి నవ్వలేదు. ల్యాప్‌టాప్ మూసేసింది. "ఇగ నాతోని కాదు అవ్వా. వేరేటోళ్ల దగ్గర కొట్టిచ్చుకో."

పక్క జిరాక్సు దుకాణంలో కంప్యూటర్లు బాగుచేసే కైలాశ్ ఇదంతా విన్నాడు. "అక్కా, నాలుగు లైన్లు కొట్టు, నేను చూస్త" అన్నాడు. తెరను కాదు, ఆమె చేతినే చూశాడు. టైపు మిషను అలవాటు కొద్దీ బొటనవేలితో గట్టిగా కొట్టినప్పుడల్లా, దాని మొదలు, మీటల కింద కర్సరును కదిపే ప్యాడ్‌కు తగులుతోంది. కర్సరు ఎటో దూకుతోంది.

"అందరికీ గిట్లనే అయితది అక్కా. ఆళ్లు తెర చూస్తరు, ఎంటనే దిద్దుకుంటరు. నువ్వు కాయితమే చూస్తవ్."

అంటే ఏ పనితనాన్ని చూసుకుని ఇన్నాళ్లు మురిసిందో, అదే ఆమెను ముంచింది.

కైలాశ్ అరగంట కూర్చుని, ఆమె ఎన్నడూ వాడని ఎఫ్-నైన్ మీటకు కొత్త పని అప్పజెప్పాడు. "ఇది నొక్కితే ప్యాడ్ బంద్. మళ్ల నొక్కితే ఆన్. ఫైలు తెరిచేటప్పుడు ఆన్ చేసుకో, కొట్టేటప్పుడు బంద్ పెట్టు."

"మరి నా చేతులు?"

"చేతులకేమైంది? బంగారమసొంటి చేతులు."

కాశీబాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మీట నొక్కి, ముసలామె కాగితాన్ని మొదటినుంచి కొట్టింది. ఒక్కసారీ తలెత్తలేదు. అంతా అయ్యాకే తెరవైపు తిరిగింది. చూసింది. భర్త పేరు పక్కన 'మయత్'. యమునాబాయి పేరు పక్కన, బతికున్నవాళ్లకు రాసే మాట, 'హయాత్'.

ముసలామె చెయ్యి పట్టుకుంది కాశీబాయి.

"నువ్వు బతికే ఉన్నవ్ అవ్వా" అంది. "నేను గూడ."