ఫిడేలుకు ఊపిరెందుకు

కొత్తపేట దగ్గర బస్సు ఇరుక్కుపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న ముసలాయన వేళ్లు మోకాలి మీద ఆగకుండా ఆడుతున్నాయి. ఒళ్లో గుడ్డసంచి, దాంట్లోంచి క్లారినెట్ కొస కనిపిస్తోంది. ఏం పాట అని అడిగాను. ఓ పాత సినిమా పాట చెప్పాడు. నేను ఎల్బీనగర్ పోతున్నదీ దాని కోసమే. అక్కడి పాత పాటల సంఘంలో, ఆ పాట మొత్తం విదేశీ బాణీకి కాపీ అని ఆ సాయంత్రం రుజువు చేస్తారట.

ఆయనా అక్కడికేనట. పేరు లింగస్వామి. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన బ్యాండుమేళం కుటుంబం. ఆ పాటలో చరణానికి ముందు ఫిడేళ్లు వాయించే ముక్క, తన తండ్రి జంగయ్య బారాత్ ఊరేగింపులో కట్టిందేనట. ఏదో పెళ్లిలో సంగీత దర్శకుడు విని తీసుకున్నాడట. యాభై ఏళ్లుగా ఈ మాట చెబుతుంటే సొంత మేళం వాళ్లే నవ్వారట. ఇవాళ అదీ పరాయిదని తేల్చేస్తే తండ్రి పేరు చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు.

అరువంటే నాకు చిన్నచూపు లేదు. ఎన్ని దేశాల పుస్తకాలు తిరగేశానో, అరువు లేని కథ ఒక్కటీ తగల్లేదు. పక్కింటి తోడు వేసినా పెరుగు మనింటి పాలదే. తోడెవరిచ్చారో చెబితే చాలు. ఇదంతా లింగస్వామికి చెప్పాను. ఆయన వినలేదు, వేళ్లు ఆడిస్తూనే ఉన్నాడు.

సంఘంలో కమలాకర్ గారు, రిటైరైన లెక్చరర్, విదేశీ రికార్డు వినిపించారు. పల్లవి అచ్చం అదే. బోర్డు మీద ‘కాపీ’ అని రాశారు. లింగస్వామి లేచి, పల్లవి బయటిదేనని ఒప్పుకున్నాడు.

"మరి గా ఫిడేళ్ల ముక్క ఏడున్నది సార్, గా రికార్డుల?"

"ఇంకెక్కడో ఉండే ఉంటుంది. మీ నాన్నగారి బ్యాండు లండన్ దాకా వినిపించిందంటారా?"

అందరూ నవ్వారు.

"జర మన సిన్మ పాట పెట్టుండ్రి. గా ముక్క నాలుగు దెబ్బలకోపారి ఆగుతది. ఫిడేలుకు ఊపిరెందుకు సార్?"

నవ్వు ఆగిపోయింది. పెళ్లికొడుకు గుర్రం ముందు నడుస్తూ క్లారినెట్ వాయించేవాడు నాలుగడుగులకోసారి గాలి పీల్చుకోక తప్పదు. ఫిడేలు కోసం కూర్చుని కట్టినవాడికి ఆ సందులతో పనేముంది?

కమలాకర్ గారు సినిమా పాట పెట్టారు. లింగస్వామి కుర్చీల మధ్య బారాత్ నడక నడుస్తూ వాయించాడు. ఫిడేళ్లు ఆగిన ప్రతిచోటా ఆయన ఊపిరి తీసుకున్నాడు. ఒక్క అడుగు తప్పలేదు. మూడోసారి వాయించేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది.

కమలాకర్ గారు ‘కాపీ’ని తుడవలేదు. దాని ముందు ‘పల్లవి’ అని చేర్చి, కింద పెద్దక్షరాలతో రాశారు: ‘ఫిడేళ్ల ముక్క – జంగయ్య, బ్యాండుమేళం’. రాసి, పక్కకు జరిగి తనే ముందు చప్పట్లు కొట్టారు.

లింగస్వామి ఆ పేరును రెండుసార్లు చదువుకున్నాడు. ఎవరో శాలువా కోసం బీరువా వెతుకుతున్నారు. అది దొరికి నేను పట్టుకుని బయటికి ఉరికేసరికి, ఆయన మెట్రో స్తంభాల పక్కగా, క్లారినెట్ ఆకాశానికెత్తి వాయించుకుంటూ, ఆటోలు దారి ఇస్తుంటే పెళ్లికొడుకులా వెళ్లిపోతున్నాడు.