హచ్చొళ్ళి నర్సమ్మకు ఇన్నర్ లైన్ పర్మిట్

అరవైల నడుమ నేను బళ్ళారిలో రెవెన్యూ గుమాస్తాగా ఉండేవాణ్ణి. ధ్రువపత్రాల విచారణ నా పని. ఒక ఎండాకాలం హచ్చొళ్ళి నుంచి రాజ్యలక్ష్మి అనే నర్సు ఫారం పట్టుకొని వచ్చింది. ఈశాన్య సరిహద్దు కొండల్లో కొత్తగా పెట్టిన ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. మన దేశమే అయినా అక్కడికి బయటివాళ్ళు ఊరికే పోలేరు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో గీసిన హద్దు ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చాక కొండజాతుల భూములకు రక్షణగా దాన్ని అలాగే ఉంచారు. అది దాటాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఇచ్చేది అక్కడి అధికారులే అయినా, మనిషి ఎవరో, నడవడి ఎలాంటిదో సొంత జిల్లా వాళ్ళు రాసివ్వాలి.

చిక్కంతా ఆ సొంత జిల్లా దగ్గరే వచ్చింది. రాజ్యలక్ష్మి కోస్తాలో పుట్టింది. మా జిల్లాలో కొత్తగా తవ్విన కాలువ కింద భూమి కొని ఆమె తండ్రి కుటుంబంతో ఇటు వచ్చాడు. గుమాస్తాల మీద పెద్ద అయిన మా శిరస్తదారు, పుట్టిన జిల్లాలో అడగమని ఫారం తిప్పి పంపారు. ఆ కుటుంబం ఊరు వదిలి ఏళ్ళయింది, మేం రాసివ్వలేమని అక్కడి నుంచి జవాబొచ్చింది. ఆమె రెండోసారి వచ్చేసరికి ఉద్యోగంలో చేరడానికి ఆరు వారాలే గడువుంది.

"పుట్టినచోట కాదన్నారు. ఉంటున్నచోటా కాదంటే నేను ఏ ఊరిదాన్నండీ?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

ఫారం నా దగ్గరే ఉంచమన్నాను. ఆ సాయంత్రం ఫారం మొత్తం చదివాను. ధ్రువీకరించవలసింది దరఖాస్తుదారు స్థిరంగా కాపురముంటున్న జిల్లా అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. శిరస్తదారుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "సరే. ఈడనే ఉండాదని రుజువేదప్పా? పోయి మహజరు రాసుకొని రా" అన్నారు. మహజరంటే ఊళ్ళో నలుగురి ఎదుట రాసి సంతకాలు తీసుకునే పత్రం.

మర్నాడే బస్సెక్కాను. హచ్చొళ్ళిలో పటేలు సగం కన్నడం, సగం తెలుగులో వివరాలు చెబుతుండగా పొలం నుంచి వస్తున్న హనుమక్క అనే ముసలామె ఆగి, సంగతేమిటని అడిగి తెలుసుకుంది.

"ఈయమ్మ ఈ ఊరిది కాదని ఎవురన్నారప్పా? నా కోడలు కాన్పులో సచ్చిపోతాంటే బండి కట్టించి సిరుగుప్ప ఆసుపత్రికి తోలకపోయి బతికించిండేది ఈమే. రాసుకో. ఏలిముద్ర యాడ ఎయ్యాల?"

మధ్యాహ్నానికి పటేలు ఇంటి అరుగు నిండిపోయింది. నలుగురు చాలన్నా ఎవరూ వినలేదు. కాగితం చాలక రెండోది తీశాను. ఓటర్ల జాబితాలో ఆమె పేరున్న పుటకు నకలు కూడా జతచేశాను.

శిరస్తదారు ఆ వేలిముద్రల వరుసలు చూసి, ఫైలు తానే పైఅధికారి గదికి పట్టుకెళ్ళారు. అరగంటలో సంతకమూ ముద్రా పడ్డాయి. గడువుకు పది రోజులుండగా అక్కడి అధికారుల నుంచి పర్మిట్ వచ్చింది.

ఆమె ప్రయాణం రోజున బళ్ళారి స్టేషనుకు హచ్చొళ్ళి నుంచి లారీ నిండా జనం వచ్చారు. "ఆడ సలి జాస్తి అంట. కప్పుకో తల్లీ" అని హనుమక్క కిటికీలోంచి కంబళి అందించింది. రైలుపెట్టె చుట్టూ మూగినవాళ్ళలో శిరస్తదారు కూడా ఉన్నారు. రాజ్యలక్ష్మి పర్మిట్ పైకెత్తి మాకు చూపించి నవ్వింది. అంత గర్వం నాకు ప్రమోషన్ వచ్చిన రోజున కూడా కలగలేదు.

తర్వాత కాలువ కింద స్థిరపడ్డ కుటుంబాల నుంచి ఇలాంటి ఫారం ఏది వచ్చినా శిరస్తదారు ఆ ఫైలే తెప్పించి, అదే పద్ధతిలో వారంలోగా పంపించేవారు. కాదని రాసేముందు ఫారం చివరి పంక్తిదాకా చదవాలనీ, మనిషి ఏ ఊరివారో తేల్చాలంటే ఆ ఊరికే పోయి అడగాలనీ నేను అప్పుడు నేర్చుకున్నాను. పదవీ విరమణ దాకా అలాగే పనిచేశాను.