ఖాళీలు నింపే వ్యాసం

"మానవ జీవితంలో ........ చాలా ముఖ్యమైనది. ........ లేనిదే మనిషి లేడు. మన పూర్వీకులు ........ను ఎంతో గౌరవించారు. కాబట్టి ........ను కాపాడుకొని రేపటి తరానికి అందించడం మనందరి బాధ్యత."

ఇదొక వ్యాసం. ఏ విషయం మీద అని అడగకండి, ఏ విషయం మీదైనా ఇదే. చుక్కలున్న చోట ప్రశ్నలో ఇచ్చిన మాట పెట్టాలి. చెట్లు అంటే చెట్లు, నీళ్ళు అంటే నీళ్ళు, మాతృభాష అంటే మాతృభాష. మధ్యలో ఇలాంటివే ఇంకా కొన్ని వాక్యాలు కలిపి ఒక పేజీ జిరాక్స్ తీసి, పదో తరగతిలో సీ గ్రూపు పిల్లలందరికీ పంచారు. సీ గ్రూపంటే పరీక్ష తప్పుతారని బడి ముందే తీర్మానించిన పిల్లలు.

నేను తెలుగు టీచరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. టేకుమట్లలో చేరి, మహబూబాబాద్‌లో ఎక్కువ కాలం ఉండి, జఫర్‌గఢ్‌లో రిటైరయ్యాను. ఇప్పుడు జనగామలో ఉంటున్నాను. మొన్నటి డిసెంబరులో బచ్చన్నపేట అవతల ఒక బడిలో తెలుగు టీచరు డిప్యుటేషన్ మీద వెళ్ళిపోతే, పరీక్షల దాకా వచ్చి చెప్పమని అక్కడి హెడ్మాస్టర్ ఫోన్ చేశాడు. సరే అన్నాను. ఆ కాగితం మొదటిరోజే నా చేతికొచ్చింది. నిలబడి చదివి, అట్లాగే పట్టుకొని ఆయన గదికి పోయాను.

"ఇదేంది సారూ?"

"వ్యాసం మేడం."

"దేని మీద?"

"దేని మీదైనా పనికొస్తది. అదే దాని గొప్పతనం" అని నవ్వాడు. చెడ్డవాడు కాదు. పాస్ పర్సంటేజీ అనే మాట వింటే ఆయనకు చెమటలు పడతాయి, అంతే.

"మూడు నెలల టైమున్నది. వీళ్ళకు నేను నేర్పుతా."

"మీరు ఏ గ్రూపు, బీ గ్రూపు చూసుకోండి మేడం. సీ గ్రూపుల సగం తండా పిల్లలే. ఇంట్ల లంబాడి మాట్లాడుతరు. వాళ్ళకు తెలుగుల వాక్యమే సక్కగ రాదు, వ్యాసం ఎక్కడ రాస్తరు? సోషల్ సారు బట్టీ పట్టిస్తడు. గట్టెక్కితే సాలు."

ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్లకు వాక్యం రాదట. ఒక్క భాషతో నెట్టుకొచ్చే మనకు వస్తుందట. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను. వయసుకు గౌరవమిచ్చి ఊరుకున్నాడు. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వ్యాసమంటే నా లెక్కలో ఇరవై నిమిషాల పని. మొదటి మూడు నిమిషాలు పెన్ను ముట్టుకోకూడదు. చెప్పదలచుకున్న నాలుగు సంగతులను పెన్సిలుతో మార్జిన్‌లో నాలుగు మాటలుగా వేసుకోవాలి. ఏది ముందో ఏది వెనకో చూసి వాటికి నంబర్లు వేయాలి. నంబర్లు వేయడమే అసలు చదువు, మిగతాదంతా చేతిరాత. తర్వాత మొదలుకు రెండు నిమిషాలు, ఒక్కో సంగతికి ఒక పేరా చొప్పున మూడేసి నిమిషాలు, ముగింపుకు రెండు. ఇంకా ఒక నిమిషం మిగులుతుంది. అది రాసింది చదువుకోవడానికి. ఇందులో తెలివిగలవాళ్ళకే పనికొచ్చేది ఏముంది? వంట చేసే ప్రతి ఆడపిల్లకూ ఏది ముందు పొయ్యి మీద పెట్టాలో తెలుసు.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ వచ్చింది. తెలుగు పేపర్లో వ్యాసం ప్రశ్న, మద్యపానం.

మీకు అర్థమయ్యే ఉంటుంది.

స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ సోషల్ సారు ఒక్కసారిగా కుర్చీలో వెనక్కి వాలి, పైకి చదవడం మొదలుపెట్టాడు. "మానవ జీవితంలో మద్యపానం చాలా ముఖ్యమైనది. మద్యపానం లేనిదే మనిషి లేడు. మన పూర్వీకులు మద్యపానాన్ని ఎంతో గౌరవించారు..."

"అది మాత్రం నిజమే రాసిండ్రు" అన్నాడు లెక్కల సారు. చాయ్ పొలమారింది ఆయనకు. హెడ్మాస్టర్ గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వాడు. సీ గ్రూపులో పదకొండు మంది. తొమ్మిది మంది అదే రాశారు. ఇద్దరు ఆ ప్రశ్న వదిలేశారు. నా దృష్టిలో ఆ పదకొండు మందిలో ఎవరిదీ తప్పు లేదు. తప్పు చేసినవాళ్ళు చాయ్ తాగుతున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. సోషల్ సారు ఒక పేపరు తీసుకొని, ఏ, సీ గ్రూపులు కలిసి కూర్చున్న క్లాసుకు పోయాడు. పేరు చెప్పి మరీ చదివాడు. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి పేపరు అది. నేను పక్క గదిలో బీ గ్రూపుకు చెప్తున్నాను. నవ్వులు వినపడ్డాయి. ఆ నవ్వుల్లోంచి ఒకడు గట్టిగా, "మీ బా చెప్పి రాయించిండానే?" అన్నాడు. బా అంటే వాళ్ళ భాషలో నాయిన. ఆ నాయిన తాగి బడి గేటు దగ్గర పడిపోయిన సంగతి క్లాసంతటికీ తెలుసు. కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల సంచి భుజాన వేసుకొని గ్రౌండు దాటి పోతోంది. పరుగెత్తలేదు. మెల్లగా, తల ఎత్తుకొని పోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సోషల్ సారును హెడ్మాస్టర్ ముందే నిలదీశాను.

"ఆ పొల్లను ఎందుకు నవ్వులపాలు చేసినవు?"

"నవ్వుకు చదివిన మేడం. గింత తెల్వద్దా? ఖాళీల ఏం పెడుతున్నమో సోయి ఉండద్దా?"

"ఖాళీలు పెట్టిందెవరు?"

"చెట్లు వస్తయనుకున్నం."

"చెట్లు వస్తయని నువ్వనుకున్నవు. మందు వస్తె ఏం చెయ్యాల్నో చెప్పినవా?"

హెడ్మాస్టరే మధ్యలోకి వచ్చి, "సరే మేడం, సీ గ్రూపును మీరే తీస్కోండి. ఒక్కరు తప్పినా మీటింగుల నేను మీ పేరే చెప్త" అన్నాడు. బెదిరిస్తున్నాననుకున్నాడు. చెప్పుకోమన్నాను.

శనివారం ఆటో మాట్లాడుకొని తండాకు పోయాను. ఆ పిల్ల తల్లితో పాటు చేనులో చివరి పత్తి ఏరుతోంది. తల్లి నన్ను చూసి నడుముకు కట్టుకున్న ఒడి విప్పి గట్టు మీద పెట్టింది. సంగతి ఆమే చెప్పింది. సోమవారం పొద్దున ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి బండి వస్తుంది, తల్లీ బిడ్డా ఇద్దరూ పోతున్నారు. మళ్ళీ ఏప్రిల్‌లో గానీ రారు. పరీక్షలు మార్చిలో.

"నేను పంపుతలేను అమ్మా. అదే బండెక్కుత అంటంది" అన్నది తల్లి.

"ఎందుకే?" అన్నాను పిల్లతో.

"పరీక్షల గూడ గట్లనే ఏదో రాస్త. దిద్దేటోళ్ళు నవ్వుతరు."

"మద్యపానాన్ని కాపాడుకోవాలని రాసినవు. రాసేటప్పుడు అది తప్పని తెల్వలేదా?"

పిల్ల నా వైపు కోపంగా చూసింది. "తెలుసు మేడం. మొదటి లైనుకే తెలిసింది. సొంతం కలిపితే మార్కులు పోతయని సారు చెప్పిండు. ఒక్క మాట గూడ మార్చొద్దన్నడు. మార్చలే."

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు మంటగా ఉన్నది ఈ మాట గురించే. తెలియక రాసిందని నవ్వారు. తెలిసి రాసింది. రాస్తూ ఉన్నంతసేపూ తన ఇల్లు కళ్ళ ముందు ఉంది. ఆ ఇంటి గురించి అబద్ధం ఎట్లా రాయాలో మనం జిరాక్స్ తీసి ఇచ్చాం. ఆ పిల్ల మన మాట విన్నది.

గట్టు మీద కూర్చున్నాను. "తాగుడుతోటి ఏమైతదో నాకు చెప్పు. బడి మాటలు వద్దు, చూసింది చెప్పు" అన్నాను.

ఆగకుండా చెప్పింది. తాగుడుకింద మేక పోయింది, తమ్ముడు నాయిన గొంతు వినపడితే మంచం కిందికి దూరతాడు, తల్లి చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు, తాగని రోజున మాత్రం నాయిన తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకొని తండా అంతా తిప్పుతాడు. అన్నీ కలగాపులగంగా వచ్చాయి.

"నాలుగున్నయి. నంబర్లు వెయ్యి. ఏది ముందు?"

పిల్ల కొంచెంసేపు పత్తికాయ గిల్లుతూ కూర్చుంది. "భుజాల మీద ఎక్కించుకునేది" అన్నది.

"ఎందుకు?"

"మంచోడని ముందు తెల్వాలె గద. తెల్వకపోతే తాగితే ఏం పోయిందో ఎట్ల తెలుస్తది?"

ముప్పై నాలుగేళ్ళలో ఏ గ్రూపు పిల్లలు కూడా ఈ మాట నాకు చెప్పలేదు. ఈ పిల్లను సీ గ్రూపులో వేసినవాళ్ళను ఏమనాలి?

అప్పటిదాకా వింటున్న తల్లి లంబాడిలో గట్టిగా ఏదో అన్నది. పిల్ల ముఖం చిన్నబోయింది. "ఇంటి ముచ్చట పరీక్ష కాగితం మీద రాసి ఊరందరికి చూపిస్తవా అంటంది మా యాడి" అని నాకు చెప్పింది.

తల్లిది న్యాయమే. "ఇంటిది రాయకమ్మా" అన్నాను పిల్లతో. "'ఒక ఇంట్లో' అని రాయి. నువ్వు చూసిన ఇల్లే, పేరుండదు. చదివినోడు అది తన ఇల్లేమో అనుకోవాలె. అట్ల రాయొచ్చునా?" అని తల్లిని అడిగాను. ఆమె ఒడి మళ్ళీ నడుముకు కట్టుకుంది. సాలులోకి దిగుతూ, "బండి నన్నొక్కదాన్నే తోల్కపోతది" అని కూతురితో తెలుగులోనే అన్నది, నాకు కూడా వినపడాలని.

సోమవారం పిల్ల బడికి వచ్చింది.

పరీక్షలకు మిగిలిన రోజుల్లో ఆ పదకొండు మందితో నాకు పట్టిన కష్టం చెప్తాను. జిరాక్స్ కాగితం లాగేసుకుంటే పిల్లలకు చెయ్యి కదల్లేదు. మొదటి వాక్యం ఎవరైనా ఇవ్వాలి, అలవాటైపోయింది. గడియారం పెట్టి కూర్చోబెడితే కొందరు మొత్తం ఒకే పేరాలో కుక్కారు, కొందరు ఎనిమిది నిమిషాల్లో ముగించి కిటికీ బయటికి చూశారు. నంబర్లు వేయమంటే ఊరికే ఒకటి రెండు మూడు అని వరసగా వేసి చూపించారు. తిట్టాను. నా గొంతు పోయింది.

దారి ఆ పిల్లే చూపించింది. మార్జిన్‌లో నాలుగు మాటలు వేసుకునేటప్పుడు ఆ పిల్ల మొదలుపెడితే తండా పిల్లలంతా లంబాడిలో గుసగుసగా వాదించుకుంటున్నారు, ఇది ముందు కాదు అది ముందని. తెలుగులో అడిగితే నోరు మెదపనివాళ్ళు అక్కడ కొట్లాడుకుంటున్నారు. సరే, వరస మీ మాటలో తేల్చుకోండి, రాసేది తెలుగులో రాయండి అన్నాను. అప్పటి నుంచి నంబర్లు కుదిరాయి.

సోషల్ సారు వరండాలో ఆగి విన్నాడు. "తెలుగు పరీక్షకు లంబాడి ముచ్చట్లేంది మేడం?"

"వాళ్ళు ఆలోచిస్తున్నరు సారూ. నీకు తెల్వని భాషల ఆలోచిస్తున్నరు, అందుకే నీకు ముచ్చట్ల లెక్క వినపడుతంది."

వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు. హాల్ టికెట్లు ఇచ్చే రోజున ఏం రాయాలో తోచకపోతే పాత కాగితం ముగింపు తగిలించండి అని పిల్లల చెవుల్లో ఊదాడట. ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఆ రోజు పెద్ద రభస అయ్యేది.

పదకొండు మందీ తెలుగులో పాసయ్యారు. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, దాని కోసం మీరు చివరి దాకా ఎదురుచూడక్కర్లేదు. వ్యాసానికి ఎవరికి ఎన్ని వచ్చాయో మాత్రం తెలియదు. రాసిన కాగితం మళ్ళీ పిల్లల కంటికి కనపడదు. ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది చెప్పేవాడు లేడు. ఇరవై నిమిషాల్లో నాలుగు ఆలోచనలను వరసలో పెట్టడమనే పనిని, మొత్తానికి ఒక్క అంకెతో సరిపెట్టి చేతులు దులుపుకుంటారు.

తెలుగు పరీక్ష రోజు సెంటరు గేటు బయట నిలబడ్డాను. పిల్ల అందరికన్నా ఆలస్యంగా బయటికి వచ్చింది. వ్యాసం గ్రంథాలయం మీద ఇచ్చారట. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి గ్రంథాలయంలో అడుగు పెట్టలేదు.

"ఏం రాసినవే?"

"మా ఊళ్ళ గ్రంథాలయం లేదు అని మొదలువెట్టిన."

బస్సులో పక్కన కూర్చోబెట్టుకొని వరస చెప్పమన్నాను. బడి అయ్యాక తండా పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ఒక పేరా, పేపరు చదివి వినిపించమని పెద్దవాళ్ళు ఎవరి ఇంటికి పోతారో ఒకటి, గ్రంథాలయం పెట్టడానికి ఖాళీగా ఉన్న గది ఎక్కడుందో ఒకటి, పుస్తకాలు వస్తే ముందు ఎవరికి ఇవ్వాలో చివరిది.

"ఖాళీ గది రెండోది రావాలె" అన్నాను. "ముందు పిల్లలకు తావు లేదని చెప్పి, వెంటనే చోటు చూపించాలె. నువ్వు మూడోదిగా వేసినవు."

"కాదు మేడం. పెద్దోళ్ళు గూడ అడుగుతున్నరని చెప్పినంకనే గది చూపియ్యాలె. ముందే చూపిస్తే ఎవరికని అడుగుతరు."

"అడగరు. గ్రంథాలయం ఎవరికో అందరికీ తెలుసు."

"తెలిస్తే ఇన్నేండ్లు ఎందుకు పెట్టలే?"

తండా క్రాసింగు వచ్చే దాకా అదే వాదన. నేను తగ్గలేదు, తను తగ్గలేదు. కండక్టరు విజిలేసినా మెట్టు మీద నిలబడి ఇంకా చెప్తూనే ఉంది, మూడోదే మేడం, మూడోదే అని. ఎల్లుండి హిందీ పరీక్ష, పోయి చదువుకొమ్మని కసిరి దింపాను.